పల్లెపాటకు సాక్ష్యం: బ్లాక్‌చెయిన్ దాచగలిగేది, దాచలేనిది

2021 ఫిబ్రవరి చివర్లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం చేసిన ‘సారంగ దరియా’ పాట విడుదలైంది. కొద్ది రోజులకే ఆ పాట ఎవరిదన్న ప్రశ్న ఓరుగల్లు ప్రాంతం నుంచి లేచింది. ఏళ్ల కిందటే మా టీవీ ‘రేలా రే రేలా’ వేదిక మీద ఆ పాట పాడిన ఒక జానపద గాయని, దాన్ని సేకరించి వెలుగులోకి తెచ్చింది తానేనని చెప్పింది. పల్లవి జనానిదని, చరణాలు తాను కొత్తగా రాశానని గీత రచయిత సుద్దాల అశోక్ తేజ అన్నారు. మాటా మాటా పెరిగాక, సేకరించిన గాయనికి గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. ఆ గాయని మాట నిలబడటానికి ఒక ఆధారం ఉంది. ఆమె పాడినట్టు టీవీ రికార్డింగు ఉంది, దానికో తేదీ ఉంది, చూసినవాళ్లు ఊరూరా ఉన్నారు.

మహబూబాబాద్ జిల్లా గూడూరు చుట్టుపక్కల పాడేవాళ్లలో ఎంతమందికి అలాంటి ఆధారం ఉంటుంది? మహబూబాబాద్ నుంచి నర్సంపేట పోయే దారిలో, పాకాల అడవి దాకా, లంబాడా తండాలు, కోయగూడేలు, రైతు పల్లెలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. నాట్లప్పుడు తెలుగు పాట, తీజ్ పండుగకు లంబాడాల గోర్ బోలి పాట, ఇలవేల్పుల కొలుపులో కోయ డోలీలు పాడే గాథ. వీటిలో చాలా పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. గోర్ బోలికీ కోయకూ జనంలో పాతుకుపోయిన సొంత లిపి లేకపోవడంతో అవి నోటి మీదే బతుకుతున్నాయి. ఈ పాటల ఒడిలో పెరిగిన పిల్లలే ఇవాళ చిన్న స్టూడియోలో ట్రాక్ కట్టించి, పొలం గట్ల మీద షూటింగ్ చేసి, ‘ఫోక్ సాంగ్’ పేరుతో యూట్యూబ్‌లో పెడుతున్నారు. వెనక కంపెనీ లేదు, ఒప్పందం కాగితం లేదు. రాసింది ఎవరు, బాణీ ఎక్కడిది, గొంతు ఎవరిది అన్న వివరం వీడియో కింద రెండు వరుసల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇక్కడ రెండు వేర్వేరు కష్టాలున్నాయి, వాటిని కలగాపులగం చేస్తే పరిష్కారమూ చెడిపోతుంది. మొదటిది పాట పోవడం. రెండోది పాట ఉన్నా, అది ఫలానా రోజున ఫలానా గొంతులో ఉందని రుజువు లేకపోవడం. బ్లాక్‌చెయిన్ గురించి గట్టిగా ప్రచారం చేసేవాళ్లు రెండింటికీ అదే మందు అంటారు. నా దృష్టిలో అది రెండోదానికి నిజంగా మందు. మొదటిదానికి మాత్రం కాదు.

పోవడం గురించే ముందు చెప్పాలి. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్‌లో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడిని ఒక జిగురు పట్టి ఉంచుతుంది. తేమ తగిలితే ఆ జిగురు రసాయనికంగా విరిగి, పొడి రాలడం మొదలవుతుంది. తెలంగాణ పల్లెల్లో పాట క్యాసెట్ల మీద ఊరేగిన కాలం మనకు తెలుసు. అటకల మీద మిగిలిన ఆ క్యాసెట్లు ప్రతి వానకాలానికీ కొంత కోల్పోతున్నాయి. మెమరీ కార్డు మెరుగనుకుంటాం గాని, అందులో సమాచారం అతి సూక్ష్మమైన అరల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల రూపంలో ఉంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పడి ఉంటే ఆ విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది. స్టూడియో కంప్యూటర్ చెడిపోతే డోలు, గొంతు, కోరస్ విడివిడిగా ఉన్న అసలు ట్రాకులు దానితోనే పోతాయి, యూట్యూబ్‌లో కుదించిన ప్రతి ఒక్కటే మిగులుతుంది.

పెద్ద కంపెనీ దగ్గరుంటే భద్రమన్న భరోసా కూడా లేదు. స్వతంత్ర సంగీతకారులకు ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద వేదికైన మైస్పేస్, 2003 నుంచి 2015 దాకా ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో ఒప్పుకుంది. పోయినవి సుమారు 5 కోట్ల పాటలని అంచనా. వాటిలో దాదాపు 4,90,000 పాటలు మాత్రం దొరికాయి. కొందరు పరిశోధకులు తమ చదువు కోసం ఎప్పుడో దించి ఉంచుకున్న ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ నిలబెట్టింది. ఇంకొకరి దగ్గర ఇంకో ప్రతి ఉండటమే వాటిని కాపాడింది.

ఇక రుజువు సంగతి. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఒక డిజిటల్ పత్రం ఫలానా తేదీకి ముందే ఉందని, ఎవరి మాటనూ నమ్మాల్సిన పని లేకుండా ఎలా నిరూపించవచ్చో వివరిస్తూ ఒక పత్రం ప్రచురించారు. బిట్‌కాయిన్ పుట్టడానికి పదిహేడేళ్ల ముందు మాట ఇది. దానికి ఆధారం ‘హ్యాష్’ అనే గణిత ప్రక్రియ. ఒక పాట ఫైల్‌లో కోట్ల సంఖ్యలో సున్నాలూ ఒకట్లూ ఉంటాయి. హ్యాష్ వాటన్నిటినీ వరుసగా కలిపి, కుదిపి, చివరికి ఒకే ఒక సంఖ్యగా తేలుస్తుంది. ఇప్పుడు విరివిగా వాడే షా-256 పద్ధతిలో ఆ సంఖ్య 256 బిట్లు. మామూలు అంకెల్లో రాస్తే 78 అంకెల దాకా వస్తుంది, కంప్యూటర్లు దాన్ని 64 గుర్తులుగా చూపిస్తాయి. అదే ఫైలుకు ఎన్నిసార్లు, ఎక్కడ లెక్క వేసినా అదే సంఖ్య. ఒక్క బిట్ మారినా కొత్త సంఖ్య మొత్తంగా వేరైపోతుంది. సంఖ్యను బట్టి పాటను తిరిగి రాబట్టడం అసాధ్యం. అదే సంఖ్య వచ్చే ఇంకో ఫైలును తయారు చేయడం ఈనాటి ఏ కంప్యూటర్‌కూ చేతకాదు.

గాయకులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఇక్కడే ఉంది. ఫోన్‌లో తీసిన పాట వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే యాప్ దాన్ని కుదిస్తుంది. చెవికి అదే పాట, చూపుకు అదే బొమ్మ, కానీ లోపలి బిట్లు వేరు కాబట్టి హ్యాష్ వేరు. యూట్యూబ్ నుంచి తిరిగి దించుకున్నా అంతే. అదే వీడియోను ‘డాక్యుమెంట్’గా పంపితే ఒక్క బిట్ కూడా మారదు. కాబట్టి ఈ హ్యాష్ ముద్ర వేయవలసింది రికార్డర్‌లోనో స్టూడియోలోనో పుట్టిన మొదటి ఫైలుకు. ఆ ఫైలునే మార్చకుండా దాచాలి. ముద్ర ఉండి ఫైలు పోతే ఆ ముద్ర దేనికీ పనికిరాదు.

హేబర్, స్టోర్నెటా తమ పద్ధతిని 1995 నుంచి ఎంతో సులువుగా అమలు చేశారు. వచ్చిన పత్రాల హ్యాష్‌లన్నిటినీ కలిపి ఒకే సంఖ్యగా చేసి, ఆ సంఖ్యను వారానికోసారి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా అచ్చు వేయించారు. పత్రిక ప్రతులు లక్షల ఇళ్లకూ గ్రంథాలయాలకూ చేరాక ఆ సంఖ్యను మార్చడం ఎవరి తరమూ కాదు. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం వీళ్ల పనిని ఆధారంగా పేర్కొంది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ ఏర్పడింది. అప్పటి నుంచి సగటున పది నిమిషాలకొక బ్లాక్ చొప్పున చేరుతూనే ఉంది. ప్రతి బ్లాక్‌లోనూ దాని ముందరి బ్లాక్ హ్యాష్ ఉంటుంది కాబట్టి, పాతదాన్ని మారిస్తే తర్వాతివేవీ సరిపోలవు. ఈ గొలుసే బ్లాక్‌చెయిన్.

దీన్ని మన చిట్టీతో పోల్చి చూడవచ్చు. ఇరవై మంది కలిసి చిట్టీ వేసినప్పుడు లెక్క ఒక్క పెద్దమనిషి పుస్తకంలోనే ఉంటే ఆయన నిజాయితీయే దిక్కు. అదే, ప్రతి నెలా వేలంపాట అయిన వెంటనే ఇరవై మందీ తమ తమ పుస్తకాల్లో అదే లెక్క రాసుకుంటూ, ప్రతి పేజీ మీదా కిందటి పేజీ మొత్తాన్ని వేసుకుంటూ పోతే, ఎవరో ఒకరు పాత నెల అంకె దిద్దినా మిగతా పంతొమ్మిది పుస్తకాలు పట్టిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం చిట్‌ఫండ్ల నమోదుకు ‘టీ-చిట్స్’ పేరుతో బ్లాక్‌చెయిన్‌నే వాడటం యాదృచ్ఛికం కాదు.

మరి పాటనే బ్లాక్‌చెయిన్‌లో పెట్టేస్తే సరిపోదా? లెక్క వేసి చూద్దాం. భద్రపరచడానికి తగిన నాణ్యతతో, అంటే సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు, రెండు చానళ్లతో రికార్డు చేస్తే సెకనుకు 2,88,000 బైట్లు. గంటకు ఒక జీబీ దాటుతుంది. బిట్‌కాయిన్‌లో ఒక బ్లాక్ గరిష్ఠంగా 4 ఎంబీ. ప్రపంచమంతా తన లావాదేవీలు ఆపుకుని దారి ఇచ్చినా, ఒక గంట డోలి కథ ఎక్కడానికి సుమారు 43 గంటలు పడుతుంది. రాత్రంతా సాగే ఒగ్గుకథ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా రుసుము వేరు. బ్లాక్‌చెయిన్ పాటల గోదాము కాదన్నది ఆ పద్ధతి నిర్మాణంలోనే ఉంది.

హ్యాష్‌కు కావలసింది 32 బైట్లు మాత్రమే. అంతకన్నా తక్కువలో పని జరిగే ఉపాయం కూడా ఉంది. 1979లో రాల్ఫ్ మెర్కిల్ చూపిన చెట్టు పద్ధతిలో రెండేసి హ్యాష్‌లను కలిపి ఒక హ్యాష్, అలాంటి రెండింటిని కలిపి మరొకటి, ఇలా పైకి పోతే 1,024 పాటలు చివరికి ఒకే సంఖ్యకు చేరతాయి. ఆ ఒక్క సంఖ్యను బ్లాక్‌చెయిన్‌లో రాస్తే చాలు. వాటిలో ఏ ఒక్క పాటకైనా రుజువు చూపడానికి దారిలోని 10 హ్యాష్‌లు, అంటే 320 బైట్లు ఉంటే సరి. మిగిలిన 1,023 పాటలను ఎవరికీ చూపనవసరం లేదు. పీటర్ టాడ్ 2016లో వెలువరించిన ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ ఇలాగే నడుస్తుంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే హ్యాష్‌లను కలిపి ఒకే సంఖ్యగా బిట్‌కాయిన్‌లో రాస్తుంది, వాడేవారు పైసా చెల్లించనక్కర్లేదు. పాట ఇల్లు దాటదు, దాని హ్యాష్ మాత్రమే వెళుతుంది. కొన్ని గంటల్లో ఒక చిన్న రుజువు ఫైలు చేతికొస్తుంది. వేలసార్లు వాడినా బిట్‌కాయిన్ మీద అదనపు భారం దాదాపు ఉండదు కనుక, దాని కరెంటు ఖర్చు మీద ఉన్న న్యాయమైన విమర్శ ఈ వాడకానికి అంతగా తగలదు.

ఇంత తేలికైన పని పక్కకు పోయి, 2021లో ఎన్‌ఎఫ్‌టీల (డిజిటల్ వస్తువు ఎవరిదో బ్లాక్‌చెయిన్‌లో రాసి అమ్మే టోకెన్ల) హోరు ముందుకొచ్చింది. ఇమోజెన్ హీప్ అనే ఆంగ్ల గాయని 2015లోనే ఎథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ మీద తన పాటను విడుదల చేసి, కొన్నవారి డబ్బు వాయిద్యకారులకు నేరుగా పంపకమయ్యే దారి చూపింది. వచ్చిన మొత్తం స్వల్పమే అయినా ఆ ప్రయత్నం విలువైనది. తర్వాత వచ్చిన అమ్మకాల్లో చాలావాటిలో బ్లాక్‌చెయిన్‌లో ఉన్నది పాట కాదు, పాట ఉన్న చోటికి చిరునామా మాత్రమే. 2022లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో మారకపు సంస్థ దివాలా తీశాక, దాని సర్వర్ల మీద ఆధారపడ్డ ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు కనిపించకుండా పోయాయి. ఐపీఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఫైలును దాని హ్యాష్‌తోనే పిలవవచ్చు, అది మంచి ఏర్పాటు. కానీ ఎక్కడో ఒక కంప్యూటర్ ఆ ఫైలును అట్టే పెట్టుకుంటేనే పిలుపుకు జవాబు వస్తుంది. పల్లె గాయకుల దగ్గరకు ‘మీ పాట శాశ్వతం’ అంటూ డబ్బు అడిగే మధ్యవర్తులు వస్తే, పాట ఫైలు ఎక్కడ ఉంటుంది, ఎన్ని చోట్ల ఉంటుంది, సంస్థ మూతపడితే ఏమవుతుంది అని ముందుగా అడగాలి. ప్రపంచ మేధా సంపత్తి సంస్థే 2020 మేలో ‘వైపో ప్రూఫ్’ అనే సమయ ముద్ర సేవ మొదలుపెట్టి, 2022 జనవరి 31న ఆపేసింది. రుజువు ఒక సంస్థ ఆయుష్షు మీద ఆధారపడకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చట్టం ఈ ముద్రను ఎలా చూస్తుంది? మన దేశంలో పాట పుట్టిన క్షణానే కాపీరైట్ పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. జానపద పాటకు కర్త తెలియకపోయినా, దాన్ని పాడినవారికి 1994 సవరణ తర్వాత ప్రదర్శకుల హక్కు ఉంది. దాని గడువు 50 ఏళ్లు. నాట్లలో పాడిన అవ్వ గొంతును రికార్డు చేసి, ఆమె అనుమతి లేకుండా ఆల్బంలో కలిపి అమ్ముకుంటే అది ఆమె హక్కును దెబ్బతీయడమే. ఈ సంగతి మన పల్లెల్లో ఇంకా తగినంత తెలియలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. నమూనా పత్రంలో షా-1, షా-256, ఎండీ-5 మూడింటికీ చోటుంది. గాయకులు షా-256నే ఎంచుకోవాలని నా గట్టి సలహా. ఎండీ-5 ఏనాడో బద్దలైంది. షా-1లో ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు తయారు చేసి చూపించారు.

అయితే ఈ రుజువు హద్దు ఎంతవరకో స్పష్టంగా ఉండాలి. ఈ ఫైలు ఫలానా రోజుకే ఉందని అది చెబుతుంది. పాట ఎవరు కట్టారో చెప్పదు. తండాలో ఒక పెద్దామె దగ్గర విన్న పాటను ఇంటికొచ్చి తానే పాడి ముందుగా ముద్ర వేయించుకున్న కుర్రవాడికి తేదీ దక్కుతుంది, న్యాయం దక్కకపోవచ్చు. అందుకే రికార్డింగు లోపలే, పాట మొదలవకముందే, పాడేవారి నోటితో నాలుగు మాటలు చెప్పించాలి: నా పేరు ఇది, మా ఊరు ఇది, ఈ పాట ఫలానా వారి దగ్గర నేర్చుకున్నాను, దీన్ని ఇందుకు వాడుకోవడానికి ఒప్పుకున్నాను. గొంతులో ఉన్న ఈ మాటలు కూడా హ్యాష్‌లో కలిసిపోతాయి, తర్వాత విడదీయడం కుదరదు. పాఠాన్ని రాసి పెట్టేటప్పుడు యూనికోడ్‌లోనే రాయాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలుగా మారుతుంది. గోర్ బోలి పాట అయితే తెలుగు లిపిలో పాఠంతో పాటు అర్థం కూడా పాడినవారి చేతనే చెప్పించడం మేలు. నలభై ఏళ్ల తర్వాత వినేవారికి అదే దారి చూపుతుంది.

సమష్టి పాటకు ఈ ముద్ర ఎలా కాపలా కాయగలదో పసుపు కథ చెబుతుంది. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపడంతో 1997లో అది రద్దయింది. తర్వాత మన సంప్రదాయ వైద్య విజ్ఞానాన్ని తేదీలతో, ఆధారాలతో నమోదు చేసే డిజిటల్ గ్రంథాలయం వచ్చింది. దాని ఉద్దేశం ఎవరికో హక్కు కట్టబెట్టడం కాదు, ఎవరూ సొంతం చేసుకోకుండా ఆపడం. నాట్ల పాటకూ ఇదే కావాలి. ఈ బాణీ ఫలానా సంవత్సరానికే ఫలానా ఊళ్లో నలుగురి నోట ఉందని రుజువుంటే, ఆ తర్వాత ఏ కంపెనీ వచ్చి యూట్యూబ్‌లో తనదేనని క్లెయిమ్ వేసినా, ఆ ఊరి గాయకుడి చేతిలో చూపడానికి ఒకటుంటుంది.

ఒక్క జాగ్రత్త నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతుంది. బ్లాక్‌చెయిన్‌లో రాసింది చెరగదు. కోయ డోలీలు పాడే గోత్రాల కథలు, ఇలవేల్పుల వంశ గాథలు అన్నీ అందరి చెవులకూ ఉద్దేశించినవి కావు. కొన్ని ఫలానా కొలుపులో, ఫలానా గోత్రం ముందే పాడతారు. వాటి ఫైళ్లను చెరపలేని బహిరంగ నిల్వలో పెట్టడం వాళ్ల ఆచారాన్ని వీధిలో పెట్టడమే అవుతుంది. హ్యాష్ మాత్రమే రాస్తే ఆ చిక్కు రాదు, రుజువు ఉంటుంది, కథ గూడెం చేతిలోనే ఉంటుంది. ఏది తెరవాలి, ఏది మూసి ఉంచాలి అన్న నిర్ణయం పాడేవారిది, వాళ్ల పెద్దలది. సాంకేతికత తెలిసినవాళ్లం ఆ నిర్ణయంలో తలదూర్చకూడదు.

ఈ పనికి దగ్గరలోనే ఒక తగిన చోటుంది. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధనకు బాట వేసిన బిరుదురాజు రామరాజు పుట్టింది కూడా ఆ ఓరుగల్లు గడ్డ మీదే. పీఠం ఒక చిన్న గదిని ఇందుకు కేటాయించి, నెలనెలా మండలాల నుంచి వచ్చిన రికార్డింగుల హ్యాష్‌లను చెట్టుగా కలిపి, ఒక సంఖ్యను ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ ద్వారా బిట్‌కాయిన్‌లోకి ఎక్కించవచ్చు. అదే సంఖ్యను ఒక తెలుగు దినపత్రిక జిల్లా పేజీలో ఒక్క వరుస ప్రకటనగా అచ్చు వేయించవచ్చు. బ్లాక్‌చెయిన్లు ఏమైపోయినా పత్రిక మిగులుతుంది, పత్రిక చిరిగినా బ్లాక్‌చెయిన్ మిగులుతుంది. అసలు ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి: పీఠంలో ఒకటి, వేరే ఊళ్లోని మరో సంస్థలో ఒకటి, పాడినవారి ఇంట్లో ఒకటి. ఏడాదికోసారి మూడింటి హ్యాష్‌లూ లెక్క కట్టి సరిపోల్చాలి. ఒకదాని సంఖ్య మారిందంటే ఆ ప్రతి పాడైందన్నమాట, వెంటనే మిగతా రెండింటి నుంచి దాన్ని మళ్లీ నింపుకోవాలి.

రికార్డు చేసే వరుసలో వయసు మళ్లినవారే ముందుండాలి. జనగామ పక్క మాణిక్యపురం ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య 2017లో పోయారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024లో పోయారు. అదే ఏడాది, దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి బిరుదేదీ అందని ముసలి గొంతులు గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల తండాల్లో, గూడేల్లో ఇంకా పాడుతున్నాయి. ఈ వానకాలం నాట్లు మొదలయ్యే నాటికి ఊరికొక రికార్డర్, దాన్ని వాడటం నేర్చిన ఊరి పిల్లలు ఇద్దరు సిద్ధంగా ఉంటే, మొదటి నెల హ్యాష్‌లు తయారు చేయడానికి ఒక్క సాయంత్రం చాలు.